వేడిని గుమ్మం బయటే ఆపిన జేమ్స్ డ్యూవర్

కేరమ్ డౌన్స్ (మెల్‌బోర్న్): కేరమ్ డౌన్స్ అనగానే ఇక్కడి తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది శివ విష్ణు ఆలయం. పండుగకో, పిల్లల అక్షరాభ్యాసానికో ఆ గుడి మెట్లెక్కని కుటుంబం మన వాళ్లలో తక్కువ. ఆ గుడి దగ్గర్నుంచి దక్షిణం వైపు అరగంట కారులో వెళితే వెస్టర్న్‌పోర్ట్ అఖాతం ఒడ్డున హేస్టింగ్స్ రేవు వస్తుంది. 2022 జనవరిలో ఆ రేవుకు జపాన్ నుంచి సుయిసో ఫ్రాంటియర్ అనే ఓడ వచ్చింది. లాట్రోబ్ వ్యాలీ గోధుమరంగు బొగ్గు నుంచి తీసిన హైడ్రోజన్‌ను హేస్టింగ్స్‌లోనే ద్రవంగా మార్చి ఆ ఓడకెత్తారు. జనవరి 28న బయలుదేరిన ఓడ ఫిబ్రవరి చివరి వారంలో కోబె చేరింది. ద్రవ హైడ్రోజన్‌ను ఒక దేశం నుంచి మరో దేశానికి సముద్రం మీద మోసుకెళ్లిన మొదటి ఓడ అదే.

ఆ ఓడలోని ట్యాంకు 1,250 ఘనపు మీటర్లది. అంటే 12.5 లక్షల లీటర్లు పడుతుంది. లోపల మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ చలి, బయట భూమధ్యరేఖ ఎండ. ఆ రెంటి మధ్య కాపలా ఉన్నది రెండు గోడలు, వాటి నడుమ గాలి తీసేసిన ఖాళీ. పిల్లల బడి సంచిలో మనం పెట్టి పంపే సాంబారన్నం ఫ్లాస్కులో ఉన్నదీ ఆ ఖాళీయే. ఈ రెండు గోడల పాత్రను లోకానికిచ్చినవాడు జేమ్స్ డ్యూవర్ అనే స్కాట్లండ్ మనిషి. ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఆ పాత్రను ఆయన ఇంటిపేరుతోనే డ్యూవర్ అంటారు. ఇంటింటికీ చేరిన వస్తువు మీద మాత్రం ఆయన పేరు లేదు.

మంచులో పడ్డ పిల్లాడు

డ్యూవర్ 1842 సెప్టెంబరు 20న స్కాట్లండ్‌లో ఫోర్త్ నది ఒడ్డునున్న కింకార్డిన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి థామస్ ద్రాక్షసారా వ్యాపారి. అన్నదమ్ముల్లో జేమ్స్ అందరికన్నా చిన్నవాడు. పదేళ్ల వయసులో గడ్డకట్టిన నీళ్ల మీద ఆడుకుంటుంటే మంచు పలక విరిగి చల్లటి నీళ్లలో పడిపోయాడు. ప్రాణం దక్కింది కానీ కీళ్ల వాతజ్వరం పట్టుకుంది. రెండేళ్ల పాటు చంకకర్రలు లేనిదే నడవలేకపోయాడు. తోటి పిల్లలు బడికి పోతుంటే ఈ పిల్లాడు ఊరి వడ్రంగి దగ్గర కూర్చుని ఫిడేళ్లు చేయడం నేర్చుకున్నాడు. పల్చటి చెక్కను చీల్చకుండా వంచడం, అతుకు కనపడకుండా అతకడం, వేళ్లతోనే మందం పోల్చుకోవడం అలవడ్డాయి. తన చేతి పనితనమంతా ఆ రెండేళ్లలోనే వచ్చిందని పెద్దయ్యాక ఆయన చెప్పుకొనేవాడు. 1854లో తన పేరు రాసుకుని చేసిన ఫిడేలు ఆయన దగ్గర చివరిదాకా ఉంది.

పదిహేనో ఏడు వచ్చేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. డాలర్ అకాడమీలో చదువు ముగించి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ రసాయన శాస్త్రాచార్యుడు లయాన్ ప్లేఫెయిర్ ఈ కుర్రాడి చేతుల నేర్పు గమనించి సహాయకుడిగా పెట్టుకున్నాడు. 1867లో బెల్జియంలోని గెంట్‌కు వెళ్లి బెంజీన్ నిర్మాణం చెప్పిన కెకూలె దగ్గర కొంతకాలం పనిచేశాడు. 1871లో హెలెన్ బ్యాంక్స్‌తో పెళ్లయింది. వాళ్లకు పిల్లలు లేరు.

1875లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు ఆచార్య పదవి ఇచ్చింది. రెండేళ్లకు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ కూడా రసాయన శాస్త్రాచార్యుడిగా పిలిచింది. ఒకప్పుడు మైకేల్ ఫారడే పనిచేసిన చోటు అది. రెండు పదవులూ ఆయన చనిపోయేదాకా ఉన్నాయి. మనసు మాత్రం లండన్‌లోనే కుదిరింది. అక్కడి శుక్రవారం సాయంత్రపు ఉపన్యాసాలకూ, పిల్లల కోసం జరిగే క్రిస్మస్ ఉపన్యాసాలకూ జనం ఎగబడి వచ్చేవారు. మాటలతో చెప్పి ఊరుకోకుండా అందరి కళ్ల ముందూ చేసి చూపించడం ఆయన పద్ధతి.

గాలిని నీళ్లలా పోయాలన్న పంతం

ఆ రోజుల్లో ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ వంటి వాయువులను శాశ్వత వాయువులనేవారు. ఎంత అణిచినా ద్రవంగా మారేవి కావు. ఫారడే అంతటివాడే ప్రయత్నించి వదిలేశాడు. 1877 డిసెంబరులో ఫ్రాన్స్‌లో కైయెతే, స్విట్జర్లండ్‌లో పిక్తే కొద్ది రోజుల తేడాతో ఆక్సిజన్‌ను ద్రవంగా మార్చారు. అయితే వాళ్లకు కనిపించింది క్షణకాలపు ఆవిరి పొగా, కొన్ని తుంపర్లూ మాత్రమే. 1883లో పోలండ్‌లోని క్రాకో నగరంలో వ్రుబ్లెవ్‌స్కీ, ఒల్‌షెవ్‌స్కీ కలిసి ఆక్సిజన్‌ను గాజు గొట్టంలో నిలకడగా మరిగే ద్రవంగా చూపారు. డ్యూవర్ కైయెతే యంత్రాన్ని 1878లోనే లండన్ సభికులకు చూపించాడు. తర్వాత సొంతంగా పెద్ద యంత్రాలు కట్టుకుంటూ వెళ్లి 1891 నాటికి ద్రవ ఆక్సిజన్‌ను లీటర్ల లెక్కన తీయగలిగాడు.

తీయడం ఒక ఎత్తయితే నిలబెట్టడం ఇంకో ఎత్తు. మైనస్ 183 డిగ్రీల దగ్గర మరిగే ద్రవానికి మన గది వేడే పెద్ద కొలిమి. గాజు గిన్నెలో పోస్తే పెనం మీద నీళ్లు పోసినట్టు సలసలా మరిగి ఎగిరిపోతుంది. పైగా గిన్నె బయట గాలిలోని తేమ మంచుగా పేరుకుని లోపల ఏముందో కనపడదు. కనపడని దాన్ని, నిలవని దాన్ని కొలిచేదెలా?

మూడు దారులు మూసిన పాత్ర

వేడి ఒక చోట నుంచి ఇంకో చోటికి మూడు దారుల్లో పోతుందని మన వంటింట్లోనే చూడొచ్చు. పులుసులో ఇనుప గరిట వదిలేస్తే కాడ కాలుతుంది. అది వస్తువు వెంట పాకే వేడి. అన్నానికి పెట్టిన ఎసరు అడుగున కాగి పైకి లేస్తుంది, పైన చల్లగా ఉన్నది కిందికి దిగుతుంది. అది కదిలే నీరో, గాలో మోసుకెళ్లే వేడి. కుంపటి దగ్గర కూర్చుంటే ముట్టుకోకపోయినా ముఖానికి సెగ తగులుతుంది. అది వెలుగులాగా ఖాళీలోంచి కూడా దూసుకొచ్చే వేడి.

1892లో డ్యూవర్ ఒక గాజు పాత్రను మరో గాజు పాత్రలో పెట్టి, మూతుల దగ్గర రెంటినీ కరిగించి అతికించి, నడుమనున్న గాలిని లాగేసి మూసేశాడు. గాలి లేకపోతే పాకడానికీ, కదలడానికీ ఏమీ ఉండదు. రెండు గోడలూ కలిసేది మూతి దగ్గర సన్నటి అంచులో మాత్రమే. ఇంతతోనే ద్రవం ఆవిరయ్యే వేగం దాదాపు ఐదో వంతుకు పడిపోయింది. మూడో దారి మిగిలింది. ఖాళీ వైపున్న గాజు మీద అద్దంలా వెండి పూత పూస్తే, వచ్చిన సెగ వచ్చినట్టే వెనక్కి తిరిగింది. మొత్తం మీద ఆవిరి ముప్ఫయ్యో వంతుకు తగ్గింది. ఘడియలో ఎగిరిపోయే ద్రవం గంటల తరబడి నిలిచింది. నిజానికి గాలి తీసిన జంట గోడల పాత్రను ఆయన ఇరవయ్యేళ్ల ముందు ఎడిన్‌బరోలో ఉండగానే వేడి కొలతల కోసం వాడాడు. అసలు అవసరం వచ్చినప్పుడు పాత అటక మీది సామానులా ఆ ఊహ అక్కరకొచ్చింది.

ఇంకో పదేళ్లకు దీనికే మరో మెరుగు దిద్దాడు. కొబ్బరి చిప్పల బొగ్గు వంటి బొగ్గును బాగా చల్లబరిస్తే చుట్టూ మిగిలిన గాలినంతా స్పాంజిలా పీల్చుకుంటుందని తేల్చాడు. రెండు గోడల మధ్య కాస్త బొగ్గు ఉంచితే చాలు, చల్లటి ద్రవం పోయగానే అదే లోపలి ఖాళీని శుభ్రం చేసుకుంటుంది. లోహం నుంచి కొద్దికొద్దిగా గాలి ఊరుతూ ఉంటుంది కాబట్టి అంతవరకూ లోహపు పాత్రల్లో ఖాళీ నిలిచేది కాదు. బొగ్గు వచ్చాక లోహంతోనూ కట్టడం వీలైంది. నేటి పెద్ద ట్యాంకులన్నిటికీ దారి అక్కడ మొదలైంది.

20 సీసీల హైడ్రోజన్

1898 మే 10న డ్యూవర్ జీవితంలో గొప్ప రోజు. హైడ్రోజన్‌ది తిరకాసు గుణం. మామూలు వేడిలో దాన్ని ఒత్తిడి నుంచి వదిలితే చల్లబడకుండా కాస్త వేడెక్కుతుంది. ముందే బాగా చల్లార్చి వదిలితేనే ఇంకా చల్లబడుతుంది. అందుకని హైడ్రోజన్‌ను ద్రవ గాలితో మైనస్ 205 డిగ్రీల దాకా చల్లబరిచి, 180 వాతావరణాల ఒత్తిడితో సన్నటి రంధ్రం గుండా వెండి పూత పాత్రలోకి వదిలాడు. ఐదు నిమిషాల్లో 20 సీసీల రంగులేని ద్రవం చేరింది. ఒక చిన్న టీ గ్లాసు కూడా నిండదు. మనుషులు అంతవరకు హైడ్రోజన్‌ను అలా పాత్రలో నిలిపి చూసింది లేదు. మరుసటి ఏడాది దాన్ని గడ్డ కూడా కట్టించాడు.

ఈ విజయానికి ఇతరులు చెల్లించిన మూల్యం ఉంది. అధిక ఒత్తిడి, అతి చలి, అప్పటి గాజు, అప్పటి ఉక్కు ఒక్కచోట చేరితే పేలుళ్లు తప్పలేదు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన రాబర్ట్ లెనాక్స్, జేమ్స్ హీత్ అనే ఇద్దరు సహాయకులూ అలాంటి ప్రమాదాల్లో చెరొక కన్ను పోగొట్టుకున్నారు.  పుస్తకాల్లో డ్యూవర్ పేరు పక్కన వాళ్ల పేర్లు కనిపించేది అరుదు.

చల్లారని కోపం

డ్యూవర్ చేతులు ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. తోటి శాస్త్రవేత్తల్లో ఆయనతో తగువు పడనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గాలిని తేలిగ్గా ద్రవీకరించే చిన్న యంత్రానికి విలియమ్ హాంప్సన్ 1895లో ఇంగ్లండ్‌లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లిండే కూడా చేశాడు. హైడ్రోజన్ ద్రవమయ్యాక తన ఆలోచనకు గుర్తింపు ఇవ్వలేదని హాంప్సన్ పత్రికకెక్కాడు. డ్యూవర్ అంతే ఘాటుగా జవాబిచ్చాడు. నెలల పాటు ఆ లేఖల యుద్ధం నడిచింది.

హాంప్సన్ అవతలి గుమ్మానికి వెళ్లాడు. లండన్‌లోనే, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో యూనివర్సిటీ కాలేజీలో విలియమ్ రామ్సే ఉన్నాడు. హాంప్సన్ ఇచ్చిన ద్రవ గాలితో రామ్సే, ఆయన సహాయకుడు మోరిస్ ట్రావర్స్ కలిసి 1898లోనే క్రిప్టాన్, నియాన్, జీనాన్ అనే మూడు కొత్త వాయువులు కనుక్కున్నారు. ఈ ట్రావర్సే తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి డైరెక్టరుగా వచ్చాడు.

అప్పటికి ద్రవం కాకుండా మిగిలింది హీలియం ఒక్కటే. దాన్ని భూమ్మీద 1895లో మొదట పట్టింది రామ్సేయే. శుభ్రమైన హీలియం తీసే విద్య ఆయన దగ్గర ఉంది. అతి చలి పుట్టించి, నిలబెట్టే విద్య డ్యూవర్ దగ్గర ఉంది. ఇద్దరూ కలిస్తే పని అయ్యేది. కానీ ఇద్దరికీ మాటల్లేవు. డ్యూవర్ ఒంటరిగానే పెనుగులాడాడు. హాలండ్‌లోని లైడెన్‌లో హైకె కామర్లింగ్ ఓన్నెస్ మరో దారి పట్టాడు. గాజు పనివాళ్లకూ, యంత్ర పనివాళ్లకూ 1901లో శిక్షణ బడే పెట్టాడు. ద్రవ గాలి, ద్రవ హైడ్రోజన్ పుష్కలంగా చేసిపెట్టుకుని, పెద్ద బృందంతో 1908 జులై 10న హీలియాన్ని ద్రవం చేశాడు. ఆ ద్రవాన్ని పట్టి ఉంచింది డ్యూవర్ నేర్పిన వెండి పూత పాత్రలే. అతి చలిలో విద్యుత్తుకు నిరోధమే లేకుండా పోతుందని మూడేళ్లకు అక్కడే తేలింది. 1913లో ఓన్నెస్‌కు నోబెల్ వచ్చింది. రామ్సేకు 1904లోనే వచ్చింది. డ్యూవర్ పేరు ఎన్నోసార్లు నోబెల్‌కు ప్రతిపాదనకు వెళ్లినా బహుమతి రాలేదు.

డ్యూవర్‌కు ఇతర గౌరవాలకు లోటు లేదు. 1904లో సర్ బిరుదు, 1916లో రాయల్ సొసైటీ కాప్లీ పతకం దక్కాయి. ఫ్రెడరిక్ ఏబెల్‌తో కలిసి 1889లో చేసిన కార్డైట్ అనే పొగ తక్కువ తుపాకిమందుకు పేటెంటు తీసుకున్నాడు. దాని మీద డైనమైట్ సృష్టికర్త ఆల్‌ఫ్రెడ్ నోబెల్ పక్షం కోర్టుకెక్కి ఓడిపోయింది. తుపాకిమందుకు పేటెంటు తీసుకున్న మనిషి ఫ్లాస్కుకు మాత్రం తీసుకోలేదు. బెర్లిన్‌లో గాజు పనిచేసే రైన్‌హోల్డ్ బుర్గెర్ ఆ పాత్రకు లోహపు తొడుగు, లోపల ఆనికలు అమర్చి 1903లో పేటెంటు పొందాడు. థర్మోస్ అన్న పేరుతో అది అంగళ్లలోకి వచ్చింది. చలిని నిలిపే పాత్ర కాఫీ వేడిని కూడా నిలుపుతుందన్న చిన్న సంగతి మీద పెద్ద వ్యాపారం నడిచింది. అందులో డ్యూవర్‌కు దక్కింది ఏమీ లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంతో మనుషులూ, డబ్బూ తగ్గిపోయి అతి చలి ప్రయోగాలు ఆగాయి. డెబ్బయ్యేళ్లు దాటిన డ్యూవర్ సబ్బు బుడగల మీద పరిశోధన మొదలెట్టాడు. పల్చటి పొరను పగలకుండా నిలబెట్టడం ఆయనకు చిన్ననాటి నుంచీ ఇష్టమైన పనే. 1921లో పెళ్లి యాభయ్యేళ్ల వేడుకలో తాను పన్నెండేళ్లప్పుడు చేసిన ఫిడేలును వాయింపించాడు. 1923 మార్చి 27న ఎనభయ్యేళ్ల వయసులో లండన్‌లో కన్నుమూశాడు.

గాజు నుంచి ఉక్కుకు

డ్యూవర్ పాత్రకు బిగుతు మూత ఉండేది కాదు. ఆవిరి దాని దారిన అది పోయేది. నేటి ట్యాంకులు మూత వేసి, ఒత్తిడి ఆపుకొని, రోడ్ల మీదా సముద్రాల మీదా తిరగాలి. లీటరు ద్రవ ఆక్సిజన్ ఆవిరైతే దాదాపు 860 లీటర్ల వాయువవుతుంది. ఎంత మంచి పాత్రలోనైనా కాస్త వేడి దూరుతూనే ఉంటుంది. అందుకే ఆవిరి పోయే దారి, సేఫ్టీ వాల్వు లేని ట్యాంకు బాంబుతో సమానం. మామూలు ఉక్కు ఆ చలిలో గాజులా పెళుసెక్కి పగులుతుంది కాబట్టి లోపలి గోడకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. అది కూడా మీటరుకు సుమారు 3 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. పది మీటర్ల ట్యాంకు 3 సెంటీమీటర్లు చిక్కిపోతుందన్న మాట. రెండు వైపులా బిగిస్తే చిరిగిపోతుంది. ఒక వైపు బిగించి, రెండో వైపు జరిగే వీలు ఉంచుతారు. గోడల మధ్య గాలి తీసి, పెర్లైట్ అనే తేలికపాటి పొడినో, మెరిసే రేకుల పొరలనో నింపుతారు. ఆ రేకులు డ్యూవర్ వెండి పూతకు మనవలు.

ఎంత జాగ్రత్త పడినా చిన్న భాగం చాలు. సుయిసో ఫ్రాంటియర్ హేస్టింగ్స్‌లో ఉండగానే, 2022 జనవరి 25న ఆవిరైన హైడ్రోజన్‌ను కాల్చే యంత్రం దగ్గర మంట బయటికి ఎగసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓడకు తగని విద్యుత్ వోల్టేజీ ఉన్న వాల్వు భాగం అమర్చడమే కారణమని ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ దర్యాప్తులో తేలింది.

మన ఊళ్లలోనూ డ్యూవర్ పాత్ర ఎప్పుడో అడుగుపెట్టింది. ఒంగోలు జాతి ఎద్దుల వీర్యాన్ని పశువైద్య కేంద్రాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని క్యాన్లలోనే దాస్తారు. శ్రీహరికోట నుంచి 2014 జనవరి 5న లేచిన జీఎస్‌ఎల్‌వీలో మన దేశపు క్రయోజెనిక్ దశ తొలిసారి గెలిచింది. దాని ఇంధనం కూడా డ్యూవర్ ద్రవం చేసిన హైడ్రోజనే.

2021 ఏప్రిల్ మనలో ఎవరం మరచిపోం. అమ్మానాన్నలకు ఆక్సిజన్ పడక దొరుకుతుందా అని విదేశాల్లో రాత్రంతా ఫోను పట్టుకు కూర్చున్న రోజులవి. అప్పుడు విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకొన్న ట్యాంకర్లను రైలెక్కించి మహారాష్ట్రకు పంపారు. దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అది. తెలంగాణ ప్రభుత్వం బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో ఒడిశాకు పంపి సమయం కలిసొచ్చేలా చేసింది. నిండినవి మాత్రం రోడ్డునో, రైలు మీదో రావాల్సిందే. లోపల ఊరే ఆవిరిని బయటికి వదలక తప్పదు, మూసిన విమానంలో అది నిప్పుకు ఆజ్యం. ఆ వారాల్లో మన దేశంలో కొరత ఆక్సిజన్‌కు ఎంతో, దాన్ని మోసే జంట గోడల ట్యాంకర్లకూ అంతే. ఆ ట్యాంకర్లు నిలబెట్టిన ఊపిరుల్లో మన ఇళ్ల పెద్దలవీ ఉన్నాయి.

లండన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకూ, సెలవుల్లో అటు వెళ్లేవారికీ ఒక మాట. అల్బెమార్ల్ వీధిలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ భవనంలో చిన్న మ్యూజియం ఉంది. డ్యూవర్ వాడిన గాజు ఫ్లాస్కులను అక్కడ చూడొచ్చు. పిల్లలను తీసుకెళ్లినప్పుడు లెనాక్స్, హీత్‌ల గురించి కూడా ఒక ముక్క చెప్పండి.